హనుమత్ప్రసాద్ గారిని ఎక్కడికని అడిగిన ఫోను

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్కటే స్టేషను. సీటు చూసుకుని కూర్చునేలోపే దిగాల్సి వస్తుంది. నడిచినా చెప్పులు అరిగేంత దూరం కాదు. ఆ కాస్త దూరానికి హనుమత్ప్రసాద్ గారికి ఒక పూట పట్టింది. ఆ పూటలో ఆయన తాగిన నీళ్లకు మా సందులో సంపులన్నీ అడుగంటాయి. నమ్మనివాళ్లు నమ్మకపోండి. నేను పక్కనే ఉన్నాను. సగం చెంబులు నేనే అందించాను.

నా గురించి ఒక్క ముక్క చెప్పి ఆయన దగ్గరికి వెళ్తాను. పేరు తారక్. మెట్రో మెట్ల కింద ఫోన్లకు అద్దాలు, కవర్లు వేసే బండి నాది. ఇంజనీరింగ్ రెండో ఏడు దాకా చదివాను, ఆ తర్వాత నాకు చెప్పడానికి కాలేజీ దగ్గర ఏమీ మిగల్లేదు. నా చెయ్యి పడితే చచ్చిన ఫోను లేచి కూర్చుని, ఏ జేబులో ఉన్నప్పుడు ఏం విందో కూడా చెబుతుంది. ఆ సంగతులు రాస్తే అమీర్‌పేటలో సగం కాపురాలు కూలిపోతాయని రాయడం లేదు.

హనుమత్ప్రసాద్ గారిది తెనాలి వైపు. మైత్రీవనం వెనక సందులో ఉంటారు. కంప్యూటర్లో లెక్కలు రాయడం నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో తల పండేదాకా పాఠాలు చెప్పారు. ఈ నగరంలో పన్ను సరిగ్గా కట్టేవాళ్లలో సగం మంది ఆయన శిష్యులు. ఎగ్గొట్టి దొరక్కుండా తిరిగేవాళ్లంతా కూడా ఆయన శిష్యులే. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, భార్య వసుమతి గారు నడిపే కర్రీ పాయింటులో ప్యాకెట్లు కట్టే పనిలో చేరారు. 'చేరాను' అనేది ఆయన మాట. 'అడ్డం పడ్డారు' అనేది ఆవిడ మాట. ఆయన కట్టిన రసం ప్యాకెట్టు కొన్నవాడికి ఇల్లు చేరేసరికి రబ్బరు బ్యాండు మాత్రమే మిగిలేది.

ప్యాకెట్లు కారడం ఆయనకు బాధ కాదు. పాత శిష్యులు రావడం బాధ. హాస్టళ్ల చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రం "ఒక సాంబారు, ఒక దోసకాయ పప్పు" అంటూ వస్తారు కదా, వాళ్లలో తెలిసిన ముఖం కనబడగానే ఆయన గ్యాస్ సిలిండర్ వెనక నక్కేవారు. ఆయన నిలువెత్తు మనిషి. సిలిండరు సిలిండరంతే ఉంటుంది. శిష్యులు మాత్రం మర్యాదస్తులు, ఆయన్ని చూడనట్టే నటించి సిలిండరుకు "నమస్తే సార్" చెప్పి వెళ్లిపోయేవారు.

ఆయనకు దేవుడి మీద భక్తి ఓ మోస్తరు, జాతకాల మీద బొత్తిగా లేదు. పిల్లి ఎదురొస్తే పలకరించి మరీ వెళ్తారు. కానీ గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడిగితే ఆ పని చెడినట్టేనని ఆయన పట్టింపు. ఇది మన ఇళ్లలో అందరికీ ఉండేదే, మీ ఇంట్లో నాయనమ్మ ఉంటే అడిగి చూడండి. అందరికీ చిటికెడు ఉంటే ఆయనకు బస్తాడు ఉంది. ఎవరైనా అడిగారంటే వెనక్కి రావాలి, కాళ్లు కడుక్కోవాలి, మంచినీళ్లు తాగాలి, కాసేపు కూర్చోవాలి, అప్పుడు అసలు మొదటిసారి బయలుదేరుతున్న మనిషిలా మళ్లీ లేవాలి.

మా సందంతా ఆయనకు అలవాటు పడింది. సందు మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే చిలకమ్మ ఆయన గడప మీద కాలు పెట్టడం చూస్తే ముఖం గోడ వైపు తిప్పుకుంటుంది. ఈ తిప్పుకోవడంలో ఎన్ని చొక్కాలు మాడాయో ఆమెనే అడగండి. మా సందు కుక్క ఆయన్ని చూసి తోక ఊపుతుంది గాని, అడిగినట్టుగా తల మాత్రం వంచదు. ఆటోవాడు నోరు తెరిచేలోపే ఈయన ఆమడ దూరం నుంచి ఊరి పేరు అరిచేస్తారు. బస్సులో కండక్టరు ఇంకా ముందు సీట్ల దగ్గర ఉండగానే ఈయన వెనక నుంచి టిక్కెట్టు అడిగేస్తారు. మెట్రో కార్డంటే ఆయనకు ప్రాణం. ఎక్కడికని అడక్కుండా డబ్బు తీసుకునే మర్యాద ఈ నగరంలో దానికొక్కదానికే ఉందంటారు.

ఒకసారి విజయవాడ రైలెక్కి కూర్చున్నాక టీసీ వచ్చి "ఎక్కడికండీ?" అన్నాడట. ఈయన దిగి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, మళ్లీ సికింద్రాబాద్ వెళ్లేసరికి రైలు ఆయన కోసం అక్కడే ఆగి ఉంది. ఇది ఆయన చెప్పింది కాదు. నేను చెబుతున్నాను.

ఇలాంటి మనిషికి, వైజాగ్‌లో ఉద్యోగం చేసే కూతురు ధాత్రి మాట్లాడే ఫోను పంపింది. ఇంటి వైఫై దాటి బయట పడగానే అందులోని ఆడగొంతు 'ఎక్కడికి వెళ్లాలి' అని ఇంగ్లీషులో అడుగుతుంది, మనం చెబితే దారి చెబుతుంది. చిత్రమేమంటే ఆయన దానికి ఉలకలేదు. ఇంగ్లీషులో అడిగితే శకునం అంటదట. కొన్నాళ్లు హాయిగా తిరిగారు. తర్వాత ఆయనకే మోజు పుట్టి నా బండి దగ్గరికి వచ్చారు.

"ఒరే తారక్, ఈ పిల్లకి తెలుగు రాదంటావా?"

"నేను చెప్తే మీ ఫోన్ మస్తుగ తెలుగు మాట్లాడతది సార్," అన్నాను. చిటికెలో మార్చేశాను. అంత తీయటి తెలుగు ఆ ఫోను అంతకుముందు మాట్లాడలేదు, ఆ తర్వాత మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే ఆయన పాత శిష్యుడు సురేందర్ నుంచి కబురొచ్చింది. సురేందర్ పంజాగుట్టలో ఒక సోఫాల షోరూముకు మేనేజరు. యజమాని జుబేర్ సాబ్‌కు లెక్కల విభాగం చూసే పెద్దమనిషి కావాలి. "రేపు మధ్యాహ్నం జొహర్ నమాజ్ లోపల రాండ్రి సార్. సేఠ్ నమాజ్ చదువుకొని అటు నుంచి అటే ఎయిర్‌పోర్ట్ పోతుండు. మల్ల నెల దాకా రాడు. మీరు రాకుంటే ఇంకొకాయనకు ఖాయం చేస్తడు. షోరూం లొకేషన్ మీ ఫోన్‌కు పంపిస్త."

ఆ కుర్చీ దొరికితే ఇక సిలిండరు చాటు అక్కర్లేదు. ఆ రాత్రి ఆయన చిలకమ్మ ఇచ్చిన ఇస్త్రీ చొక్కాను మంచం మీద పరిచి, తాను చాప మీద పడుకున్నారని వసుమతి గారే చెప్పారు.

తెల్లారింది. స్నానం, బొట్టు, తెల్ల చొక్కా, జేబులో ఫోను. వసుమతి గారు ఎదురొచ్చారు. సందులో చిలకమ్మ గోడ వైపు తిరిగింది. కుక్క తల నిటారుగా పెట్టింది. హనుమత్ప్రసాద్ గారు కుడికాలు గడప దాటించారు, ఎడమకాలు దాటించారు, రెండడుగులు వేశారు.

జేబులోంచి తేనె ఒలికినట్టు ఒక గొంతు: "శుభోదయం. ఎక్కడికి వెళ్లాలి?"

ఆయన అక్కడే రాయైపోయారు. చిలకమ్మ గోడ వైపు తిరిగే లెంపలేసుకుంది.

వెనక్కి వెళ్లి కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, కూర్చుని లేచారు. గడప దాటారు.

"శుభోదయం. ఎక్కడికి వెళ్లాలి?"

ఈసారి ఆయన ఫోనును అరచేతిలో పెట్టుకుని, వెనకబడ్డ విద్యార్థికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "చూడమ్మా, బయలుదేరే మనిషిని అలా అడగకూడదు. తప్పు."

"క్షమించండి," అంది ఫోను. ఆయన ముఖం వికసించింది. "నాకు అర్థం కాలేదు. మీరు ఎక్కడికి వెళ్లాలి?"

వసుమతి గారు నాకు ఫోన్ చేశారు. బండి మీద గుడ్డ కప్పి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి ఆయన కుర్చీలో ఉన్నారు, పక్కన చెంబు, పొట్ట చొక్కా గుండీలను నెడుతోంది.

"ఏంట్రా ఇది? తెలుగు నేర్పమంటే ఇదా నేర్పావు?"

"మల్ల ఇంగ్లీషులకు మార్చేస్త సార్, ఎంత సేపు!"

"ఇంక లాభం లేదురా. దానికి తెలుగొచ్చని తెలిసిపోయింది కదా! ఇప్పుడు ఇంగ్లీషులో అడిగినా తెలుగులో అడిగినట్టే."

"అయితే ఆ అడిగేదే బంద్ చేస్త. ఇగో, ఈడ నొక్కితే నోరు మూసుకుంటది."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "అలా చెయ్యకు! అడిగే అలవాటున్న దాని నోరు మూస్తే మనసులో అడుగుతుంది. నోటితో అడిగితే విరుగుడుకి నీళ్లున్నాయి. మనసులో అడిగిన దానికి ఏముందిరా విరుగుడు?"

 నేను వెంటనే ఇంకో ఉపాయం తీశాను.

"పోనీ ఫోన్ ఇంట్లనే పెట్టి పోండ్రి."

"ఇంట్లో కూర్చుని అడుగుతుంది. నేను వినను. వినకపోతే నీళ్లెలా తాగను?"

వసుమతి గారు అప్పటిదాకా పచ్చడి కలుపుతూ వింటున్నారు. "ఏవండీ, పొద్దెక్కుతోంది. ఆ సురేందర్ ఎంత మంచివాడైతే మాత్రం ఎంతసేపని ఆగుతాడు? ఇలా తెండి." ఫోను తీసుకుని, ఒక కర్రీ కవర్లో పడేసి, గాలి తీసి, మెలిపెట్టి, రబ్బరు బ్యాండు బిగించారు. ఆవిడ కట్టిన కట్టులోంచి రసం కాదు గదా, రసం వాసన కూడా బయటికి రాదు. ఆయన ఆశగా ఆ ప్యాకెట్టు పట్టుకుని గడప దాటారు.

ప్యాకెట్టు అంది: "శుభోదయం. ఎక్కడికి వెళ్లాలి?"

"మాట కారుతోందే!" అన్నారాయన, వెనక్కి నడుస్తూ. తన ప్యాకెట్లను ఇన్నాళ్లూ తిట్టిన భార్యను ఒక్కసారి గెలిచిన ముఖం అది. కానీ ఆ వెంటనే దిగులు కమ్మింది. కుర్చీలో కూలబడి చెంబు వైపు చూశారు. "వద్దే, ఇంక పట్టదు."

ఆ చూపు చూసి చెంబు దూరంగా జరిపాను. అలాంటప్పుడే నా బుర్ర పనిచేస్తుంది.

"సార్, ఆటోవాడు అడగకముందు మీరేం చేస్తరు?"

"ముందే చెప్పేస్తాను."

"దీనికి సుత గంతే! అది నోరు తెరవకముందే మీరు చెప్పుండ్రి. చెప్పినంక ఇంకేమడుగుతది దాని మొఖం!"

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చదువు మానేయడం దేశానికి నష్టంరా," అన్నారు. నేను చాలాకాలంగా అంటున్నది అదే.

ఫోనును కవర్లోంచి తీసి జేబులో వేసుకుని, గడపకు లోపలే నిలబడి, ఊపిరి పీల్చి, సందు అదిరేలా అరిచారు. "పంజాగుట్ట!"

"సరే. పంజాగుట్టకు దారి చూపిస్తున్నాను," అంది ఫోను. ఎంత వినయంగా అందంటే, ఆయన ఆశీర్వదించబోయి ఆగారు.

బయటపడ్డాం. కానీ ఆయనకు భయం. నాలుగడుగులు నిశ్శబ్దంగా వేస్తే మళ్లీ అడుగుతుందేమో. అందుకని ఆపకుండా అరుస్తూ నడిచారు. "పంజాగుట్ట! పంజాగుట్ట! పంజాగుట్ట!" మెట్రోలో అరిస్తే దించేస్తారు కాబట్టి రోడ్డు వైపు తిరిగాం. మైత్రీవనం దగ్గరకొచ్చేసరికి వెనక ఏదో అలికిడి. తిరిగి చూస్తే బ్యాగులేసుకున్న పిల్లలు, చేతిలో ఎక్స్‌రే కవరుతో ఒక పెద్దాయన, కూరల సంచితో ఒకావిడ, వరసగా ఆయన వెంట వస్తున్నారు. షేర్ ఆటో కేక అనుకున్నారు!

"అంకుల్, ఆటో ఏడుంది?" అంది ముందున్న అమ్మాయి.

"పంజాగుట్ట," అన్నారాయన.

"గది తెలుసు అంకుల్. ఎక్కేదేడ?"

"పంజాగుట్ట!"

షేర్ ఆటో నడిపే ఇస్హాక్ భాయ్ మూలన ఖాళీ బండిలో పళ్లు కుట్టుకుంటూ కూర్చున్నాడు. వస్తున్న ఊరేగింపును చూసి పుల్ల పారేశాడు. "అరే సార్! ఇరవై సాల్ల నుంచి నేను అరుస్తున్నా, నా ఎంట ఒక్కడు గిట్ల రాలే. మీ గొంతుల ఏముంది? బైఠో, బైఠో!"

బండి కిక్కిరిసింది. నాకు ఇస్హాక్ భాయ్ పక్కన అర సీటు దొరికింది, హనుమత్ప్రసాద్ గారికి అటువైపు అర సీటు. ఆయన తల బయట పెట్టి అరుస్తూనే ఉన్నారు. సిగ్నల్ పడ్డ ప్రతిచోటా కొత్తవాళ్లు ఎక్కబోయారు. ఒక పోలీసాయన చెయ్యెత్తి ఆపబోయి, ఆ కేకలోని నిజాయితీ చూసి చెయ్యి దించాడు. ఒక సిటీ బస్సు తన దారి మర్చిపోయి మా వెనకాలే వచ్చింది. ఇందులో బస్సు సంగతి కాస్త తగ్గించి చెప్పాను, నిజానికి రెండు వచ్చాయి.

"సార్, బస్ కరో. అందరికీ తెలిసిపోయింది," అన్నాడు ఇస్హాక్ భాయ్.

"ఆగమనకు భాయ్, ఆగితే ఖేల్ ఖతం," అన్నాను నేను.

పంజాగుట్టలో సోఫాల షోరూము ముందు దిగాం. అద్దాల తలుపు, మూడు మెట్లు, పైన సురేందర్ చేతులూపుతూ, "సార్, జల్ది! సేఠ్ బయల్దేరుతుండు!" హనుమత్ప్రసాద్ గారి గొంతు అప్పటికి పూర్తిగా పోయింది. పెదాలు 'పంజాగుట్ట' అంటున్నాయి, శబ్దం లేదు. కాలెత్తి మొదటి మెట్టు మీద పెట్టబోయారు.

"మీరు గమ్యం చేరుకున్నారు," అంది ఫోను. ఆగింది. పని చేసే పిల్ల కదా, ఖాళీగా ఉండలేదు. "ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి?"

ఆయన కాలు గాల్లో ఆగింది. దించారు. వెనక్కి తిరిగారు. అమీర్‌పేట వైపు నడక మొదలుపెట్టారు.

నేను వెళ్లి చొక్కా పట్టుకున్నాను. "సార్! మెట్టు కాడికొచ్చినంక గిదేంది? ఒక్క అడుగు సార్! నేనెత్తుకొని లోపల పడేస్త!"

"ఎత్తుకుని పడేసిన ఉద్యోగం నిలబడదురా." గొంతు లేక గాలితో చెప్పారు. దూరంగా మసీదులోంచి జొహర్ అజాఁ వినిపించింది. ఆయన అటు చూసి, చొక్కా మడత సర్దుకుని, చిన్నగా నవ్వారు. "ఫరవాలేదు లేరా. సిలిండరు ఉంది కదా."

పైనుంచి సురేందర్, "సార్, ఏడికి పోతున్నరు?" అని అరిచాడు. దానితో ఇంకో చెంబు ఖాయమైంది.

అంతలో అద్దాల తలుపు తెరుచుకుంది. తెల్ల షేర్వాణీ, గోరింటాకు రంగు గడ్డం, చేతిలో బ్యాగు. జుబేర్ సాబ్ మెట్లు దిగి, కొత్త నల్ల కారు వెనక సీట్లో కూర్చున్నారు. డ్రైవరు మీట నొక్కాడు. కారులోంచి తేనె ఒలికినట్టు ఒక ఆడగొంతు, ఉర్దూలో, చాలా అదబుగా అడిగింది: తమరు ఎక్కడికి వేంచేస్తున్నారు?

జుబేర్ సాబ్ రాయైపోయారు. ఆ రాయి నాకు తెలుసు. పొద్దున్నుంచి అదే చూస్తున్నాను.

"ఫిర్ టోక్ దీ!" అన్నారాయన, బయలుదేరే మనిషిని మళ్లీ ఎక్కడికని అడిగిందని నుదురు కొట్టుకుని. "పొద్దుగాల నుంచి ఇదే! ఇంటి కాడ టోకింది, గల్లీల టోకింది, ఇప్పుడు ఈడ! నయీ గాడీ వచ్చిన కాడికెళ్లి నా ఒక్క పని అయితలేదు!" కారు దిగి, మెట్లెక్కి, షోరూములోని మొదటి సోఫాలో కూలబడ్డారు. "పానీ లావ్!"

నేను హనుమత్ప్రసాద్ గారి రెండు భుజాలు పట్టి వెనక్కి తిప్పాను. "సార్, ఇంటికే పోయి కూర్చోవాలని ఏడనన్న ఉందా? కూర్చునేటందుకు ఈడ ఇన్ని సోఫాలుంటే!"

ఆయన ఆలోచించారు. పెదాలు కదిలాయి. పాత లెక్కల మాస్టారు కదా, రెండు వైపులా సరిచూసుకున్నారు. "ఉద్యోగానికి వెళ్లడం లేదు. నీళ్లకి వెళ్తున్నాను."

"గంతే సార్, నీళ్లకే."

మెట్ల పక్కన మొక్కల కుళాయి దగ్గర ప్యాంటు మడిచి కాళ్లు కడుక్కుని, చెప్పులు చేతబట్టుకుని, తడి పాదాల గుర్తులు వేసుకుంటూ పాలరాయి మీద నడిచి, జుబేర్ సాబ్‌కు ఎదురుగా ఉన్న సోఫా అంచున కూర్చున్నారు. సురేందర్ ముఖం తెల్లబడింది. షోరూము కుర్రవాడు జుబేర్ సాబ్‌కు తెచ్చిన గ్లాసు పక్కనే ఇంకో గ్లాసు ఉంది. ఈయన దాన్ని అందుకుని గటగటా తాగారు.

జుబేర్ సాబ్ ఆ పాదాలను చూశారు, గ్లాసును చూశారు. "మీకు సుత టోకిన్రా?"

హనుమత్ప్రసాద్ గారు జేబులోంచి ఫోను తీసి మధ్యనున్న టీపాయి మీద పెట్టారు. "ఇది అడిగిందండీ."

"మాఁ కసమ్?"

"పొద్దున్నుంచీ. ఇంటి దగ్గర, సందులో, కర్రీ కవర్లో, మీ మెట్ల మీద."

"యా అల్లా," అన్నారు జుబేర్ సాబ్, పోగొట్టుకున్న తమ్ముడు దొరికినట్టు. "మా ఇంట్ల అందరు నవ్వుతున్నరు సాబ్. బేగం అంటది, మిషన్ టోకితే ఏం కాదని. ఏం కాదా? జాన్ లేకపోతే నాలుక లేదా దానికి? నోరు బంద్ చేపించిన మొదలు. మల్ల తెరిపించిన. నాకు శక్..."

"మనసులో అడుగుతుందని," అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

జుబేర్ సాబ్ సోఫా మీద ముందుకు జరిగారు. "హౌ! గదే! గదే! ఒక్కరికి సుత సమజైతలేదు!" ఇద్దరూ ఇంకో గ్లాసు నీళ్లు తాగారు. రెండు ఏనుగులు ఒకే చెరువు దగ్గర కలిసినట్టుంది. తర్వాత జుబేర్ సాబ్ అడిగారు. "సాబ్, మీరు ఎవరు? ఏం పని మీద వచ్చిన్రు?"

సురేందర్ దూకి మధ్యలోకి వచ్చాడు. "సేఠ్, నేను చెప్పిన గా సార్ ఈయనే. మా గురువు. లెక్కల కోసం."

"అచ్ఛా!" జుబేర్ సాబ్ ఆయన్ని కిందనుంచి పైకి చూశారు. "లెక్కలు ఎవలన్నా చూస్తరు సాబ్. నేను ఒక్కటే అడుగుత. ఇంతకుముందున్నోడు హుషార్ మనిషి. కానీ నేను గుమ్మం దాటినప్పుడల్లా, సేఠ్ ఎక్కడికి, సేఠ్ ఎక్కడికి. వాన్ని గందుకే తీసేసిన. రేపు నేను బయటికి పోతుంటే మీరు ఏమంటరు?"

హనుమత్ప్రసాద్ గారు లేచి నిలబడ్డారు. పాఠం చెప్పే గొంతు ఎక్కడినుంచి వచ్చిందో వచ్చింది. "ఏమీ అననండీ. గోడ వైపు తిరుగుతాను."

జుబేర్ సాబ్ సురేందర్ వైపు తిరిగి, "కుర్చీ వేయించు," అన్నారు. అంతే ఇంటర్వ్యూ. మార్కులు, సర్టిఫికెట్లు, అనుభవం, ఏమీ లేదు. నేను సాక్షిని.

జుబేర్ సాబ్ లోపలి గదిలోనే నమాజ్ చదువుకుని వచ్చారు. కానీ ఎయిర్‌పోర్టు మిగిలే ఉంది. కారు తలుపు దగ్గరికి వెళ్లడానికే జుబేర్ సాబ్ జంకుతున్నారు. హనుమత్ప్రసాద్ గారు నన్ను చూశారు, నేను తలూపాను. ఆయన పిల్లిలా నడిచి, కారు తలుపు వేలెడంత తెరిచి, ఆ సందులో నోరు పెట్టి, మిగిలిన గొంతంతా పోగేసి అరిచారు. "ఎయిర్‌పోర్ట్!"

కారు ఉలిక్కిపడి, దారి చూపిస్తానని ఒప్పుకుంది.

"వాహ్!" అన్నారు జుబేర్ సాబ్. ఆనందం పట్టలేక కొత్త ఉద్యోగి చెయ్యి పట్టి లాగి, తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. దారిలో మళ్లీ అడిగితే ఎవరు అరుస్తారు మరి! తలుపు మూసుకుంటోంది. సురేందర్ కంగారుగా పరిగెత్తుకొచ్చి అద్దం మీద కొట్టాడు. "సార్, సార్! మిమ్ముల ఎక్కడికి తీస్కపోతుండు?"

ఇద్దరూ దిగారు. ఇద్దరూ లోపలికి నడిచారు. ఇద్దరూ సోఫాల్లో కూర్చున్నారు.

ఈసారి నీళ్లు సురేందర్‌తోనే తెప్పించారు. విమానం సంగతి అడక్కండి. ఆయన కోసం రైలే ఆగింది, విమానానికి ఏం రోగం?

ఇప్పుడు హనుమత్ప్రసాద్ గారు పంజాగుట్టలో, అద్దాల గది లోపల, లెక్కల కుర్చీలో కూర్చుంటారు. పాత శిష్యులు సోఫాలు కొనడానికి వస్తే ఎదురెళ్లి కరచాలనం చేస్తారు. జుబేర్ సాబ్ బయలుదేరేటప్పుడు మాత్రం పెన్ను కింద పెట్టి, వెళ్లి కారులో ముందుగా అరిచి, వచ్చి గోడ వైపు తిరుగుతారు. జీతం రెండిటికీ కలిపే. వసుమతి గారి ప్యాకెట్లు ఇప్పుడు చుక్క కారడం లేదు. చిలకమ్మ సలహా మీద సిలిండరుకు మాత్రం సాయంత్రాలు ఒక పువ్వు పెడుతున్నారు, శిష్యుల నమస్కారాలు పుచ్చుకున్నది కదా అని.

పొద్దున్నే గడప లోపల నిలబడి ఆయన అరిచే కేకకు ఇస్హాక్ భాయ్ బండి తెచ్చి మా సందు మొదట్లోనే పెడుతున్నాడు. ఆయన నడిచి వచ్చేసరికి నిండిపోయి ఉంటుంది. ఆయనకు అర సీటు ఎప్పుడూ ఉచితం.

మొన్న సోమవారం ఒక చిన్న చిక్కు వచ్చింది. రోజూ ఒకే చోటికి వెళ్తుంటే ఫోను నేర్చుకున్నట్టుంది. ఆయన గడప దగ్గర ఊపిరి పీల్చి ఇంకా నోరు తెరవకముందే, జేబులోంచి ఆ గొంతే, "పంజాగుట్టకేనా?" అంది.

ఆయన ఆగిపోయారు. ఇది అడగడమా, కాదా? ఎక్కడికి అనలేదు. కానీ అడిగినట్టే ఉంది. నన్ను పిలిచారు. నా బుర్రకు కూడా ఇది మించిన కేసని ఒప్పుకున్నాను. జుబేర్ సాబ్‌కు ఫోన్ చేశారు. ఆయనా ఇంకా గడప లోపలే ఉన్నారు, ఆయన కారు కూడా ఏదో అంటోందట. ఇద్దరూ చెరో కుర్చీ లాక్కుని, చెరో చెంబు పెట్టుకుని, ఫోన్‌లోనే చర్చ మొదలుపెట్టారు. బయట ఇస్హాక్ భాయ్ హారన్ కొడుతున్నాడు. షోరూము ముందు తాళంచెవి కోసం సురేందర్ ఎండలో నిలబడి ఉన్నాడు. చిలకమ్మ ఎటు తిరగాలో తెలియక ఇస్త్రీ పెట్టె పట్టుకుని సందు మధ్యలో నిలబడింది.

చివరికి జుబేర్ సాబ్ తీర్పు చెప్పారు. "ఎక్కడికి అంటే టోకుడు. పంజాగుట్టకేనా అంటే దువా, దీవెన."

హనుమత్ప్రసాద్ గారు ఫోను జేబులో పెట్టుకుని, దాన్ని పైనుంచి ఒకసారి తట్టి, "పంజాగుట్టకే అమ్మా," అని గడప దాటారు.